కోతల కాలపు కవిత: కీట్స్ 'టు ఆటమ్'లో శిల్పం, అర్థం

(స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)

జాన్ కీట్స్ 'టు ఆటమ్' 33 పాదాల చిన్న కవిత. పదకొండేసి పాదాల చరణాలు మూడు. ఇందులో కథ లేదు, వాదం లేదు, నీతి లేదు. 'నేను' అన్న మాట ఒక్కసారి కూడా రాదు. పండ్లు పక్వానికి రావడం, పంట కోయడం, కోసిన చేల మీద పొద్దు వాలడం – ఇంతే విషయం. ఇంత తక్కువ చెప్పిన ఈ కవితను ఇంగ్లీషు కాల్పనిక కవిత్వంలో అతి పరిపూర్ణమైన రచనల్లో ఒకటిగా ఎందరో విమర్శకులు ఎంచారు.

ఈ పరిపూర్ణత ఎక్కడిదో తెలియాలంటే శిల్పాన్నీ అర్థాన్నీ కలిపి చదవాలి. నిండుదనం, ముగింపు ఒకే క్రమంలోని రెండు దశలన్నది ఈ కవితలోని ఎరుక. ఆ మాటను కవి ఎక్కడా పైకి అనడు. చరణంలో పాదాల సంఖ్య, ప్రాసల అమరిక, వాక్యాల నడక, చిత్రాల వరస – వీటి ద్వారా దాన్ని పాఠకుడి అనుభవంలోకి తెస్తాడు. అందుకే ఈ కవిత సారాంశం రెండు వాక్యాల్లో చెప్పేస్తే మిగిలేది చాలా స్వల్పం.

రచనాకాలం

1819 ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా కీట్స్ దక్షిణ ఇంగ్లండ్‌లోని వించెస్టర్ పట్టణంలో ఉన్నాడు. అక్కడి పెద్ద చర్చిని దాటి, ఇచెన్ నది పక్కన పచ్చికబయళ్ల మీదుగా సెయింట్ క్రాస్ వైపు నడవడం ఆయనకు అలవాటు. సెప్టెంబరు 19, ఆదివారం నాటి నడక తర్వాత ఈ కవిత పుట్టింది. రెండు రోజులకు మిత్రుడు జాన్ హామిల్టన్ రెనాల్డ్స్‌కు రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. వసంతంలోని చల్లని పచ్చదనం కంటే కోత కోసిన చేలే తనకు ఎక్కువ నచ్చుతున్నాయని, కొన్ని చిత్రపటాల్లో కనిపించే వెచ్చదనం ఆ కొయ్యకాళ్లలో ఉందని, ఆ భావమే తనచేత పద్యం రాయించిందని అందులో చెప్పాడు. అదే ఉత్తరంలో, మిల్టన్ శైలి మరీ ఎక్కువై పోయిందంటూ 'హైపీరియన్' కావ్యాన్ని వదిలేసినట్టు కూడా రాశాడు. బరువైన, తిరగేసిన వాక్యాల నుంచి బయటపడిన రోజుల్లోనే ఈ తేట నడక కుదిరిందన్నమాట.

అప్పటికి కీట్స్ వయసు ఇరవై మూడు దాటి ఇరవై నాలుగు నిండబోతోంది. తమ్ముడు టామ్ 1818 డిసెంబరు 1న క్షయతో చనిపోయాడు. దగ్గరుండి సేవ చేసింది కీట్సే. గైస్ ఆసుపత్రిలో వైద్యం చదివినవాడు కాబట్టి ఆ జబ్బు సంగతి ఆయనకు బాగా తెలుసు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆయన స్వయంగా రక్తం కక్కుకున్నది 1820 ఫిబ్రవరి 3న. చనిపోయింది రోమ్‌లో 1821 ఫిబ్రవరి 23న. కవిత రాసేనాటికి తన రోజులు దగ్గరపడ్డాయన్న నిర్ధారణ ఏదీ లేదు. కాబట్టి దీన్ని మరణశయ్య మీది మాటగా చదివితే కవితలో లేని కన్నీళ్లు అందులో పోసినట్టవుతుంది. చావును దగ్గరగా చూసినవాడు, ఇంకా ఆరోగ్యం మీద ఆశ ఉన్నవాడు రాసిన కవితగా చదవడమే సరైన పద్ధతి. 1820 జులైలో వెలువడిన ఆయన మూడో, చివరి సంపుటిలో ఇది అచ్చయింది.

ఒకే ఏడు, రెండు కవితలు

కాల్పనిక ప్రకృతి కవితకు ఒక సాధారణ నడక ఉంది. కవి ఒక దృశ్యం ముందు నిలబడతాడు. ఆ దృశ్యం జ్ఞాపకాన్నో వేదననో కదిలిస్తుంది. చివరికి ఒక ఊరటతోనో ప్రార్థనతోనో కవిత ముగుస్తుంది. 1798లో వర్డ్స్‌వర్త్ టింటర్న్ అబ్బీ పరిసరాల మీద రాసిన కవిత ఇందుకు మంచి ఉదాహరణ. అందులో నదీతీరం ఎంత ముఖ్యమో, ఐదేళ్ల తర్వాత అక్కడికి తిరిగొచ్చిన మనిషి మనసూ అంతే ముఖ్యం.

కీట్స్ కవిత పుట్టిన కొన్ని వారాలకే, 1819 అక్టోబరులో, ఇటలీలోని ఫ్లారెన్స్ దగ్గర ఆర్నో నది ఒడ్డున ఉన్న అడవిలో షెల్లీ 'ఓడ్ టు ది వెస్ట్ విండ్' రాశాడు. అదీ ఆకురాలు కాలపు కవితే. కానీ అక్కడ పడమటి గాలి సుడిగాలిలా ఆకుల్ని, మబ్బుల్ని, అలల్ని తరుముతుంది. కవి గొంతెత్తి తన గాయాలు చెప్పుకుంటాడు, తనను వాయిద్యంగా వాడుకోమని గాలిని వేడుకుంటాడు. ప్రాసలు గొలుసులా ఒకదాన్నొకటి లాక్కుంటూ పోయే టెర్జా రీమా ఛందస్సు అక్కడి వేగానికి తగినది. ఆ కవిత చూపు రాబోయే వసంతం మీద ఉంటుంది.

కీట్స్ చూపు ఎదుట ఉన్న రోజు మీదే ఉంటుంది. మూడో చరణం మొదట్లో వసంతగీతాలు ఏమయ్యాయన్న ప్రశ్న వస్తుంది. మరుక్షణమే కవి దాన్ని పక్కన పెట్టేస్తాడు: వాటి తలపు వద్దు, ఈ ఋతువుకు తన సంగీతం తనకుంది అంటాడు. షెల్లీ కవిత ఎదురుచూపు మీద నడిస్తే, ఇది ఎదురుగా ఉన్నదాన్ని అంగీకరించడం మీద నడుస్తుంది. ఒకే ఋతువు, ఒకే సంవత్సరం, రెండు భిన్నమైన జీవనదృష్టులు. ఆ భేదం ప్రధానంగా శిల్పంలోనే తెలుస్తుంది.

పదకొండో పాదం

పాదం అయాంబిక్ పెంటామీటర్. పది అక్షరాలు, ఒకటి విడిచి ఒకటిగా ఐదు ఊనికలు. ఇంగ్లీషు పద్యానికి ఇది బాగా పరిచితమైన నడక. విశేషం చరణంలో ఉంది. అదే ఏడాది కీట్స్ రాసిన నైటింగేల్, గ్రీకు కలశం, విషాదం ఓడ్‌లలో చరణానికి పది పాదాలు. ఇక్కడ పదకొండు. మొదటి నాలుగు పాదాలు ఒకటి విడిచి ఒకటి ప్రాస కలుస్తాయి. తర్వాతి ఏడింటి అమరిక మరింత అల్లికగా ఉంటుంది: మొదటి చరణంలో ఒక రకం, మిగతా రెండింటిలో కాస్త మార్పుతో ఇంకొక రకం.

మూడు చరణాల్లోనూ తొమ్మిది, పది పాదాలు వెంటవెంటనే ప్రాస కలుస్తాయి. ఇంగ్లీషు పద్యంలో జంటప్రాస వస్తే చెవికి ముగింపు వినిపిస్తుంది. షేక్‌స్పియర్ సానెట్లు సాధారణంగా అలాగే ముగుస్తాయి. ఇక్కడ ఆ ముగింపు వినబడ్డాక ఇంకో పాదం మిగిలే ఉంటుంది. ఆ పదకొండో పాదం ఎప్పుడో ఏడో పాదంలో వదిలేసిన ప్రాసను తిరిగి అందుకుంటుంది. అయిపోయిందనుకున్నది ఇంకొంచెం సాగుతుంది. ఎండ ఇంకాసేపు నిలవడం, పంట కాలం ఇంకొన్నాళ్లు కొనసాగడం అన్న అనుభవాన్ని ప్రాసల అమరికే ఇస్తుంది. సెలవు తీసుకున్నాక కూడా గడప దగ్గర నిలబడి మాట్లాడే చుట్టంలా ప్రతి చరణమూ వెళ్లే ముందు కాస్త ఆగుతుంది.

మొదటి చరణం: బరువు

మొదటి చరణంలో పదకొండు పాదాలూ కలిపి ఒకటే సంబోధన. ఋతువునూ సూర్యుణ్ణీ స్నేహితులుగా, కలిసి పథకం వేస్తున్నవాళ్లుగా చూపించి, వాళ్లు తలపెట్టిన పనులన్నీ కవి వరసగా చెబుతాడు. ఇంటిచూరు చుట్టూ పాకిన ద్రాక్షతీగకు పండ్లు నింపడం, పాచి పట్టిన ఆపిల్ చెట్లను కాయల బరువుతో వంచడం, ప్రతి పండునూ లోపలి గింజ దాకా పండించడం, గుమ్మడిని ఉబ్బించడం, హేజెల్ కాయలో తీపి గుజ్జు నింపడం, తేనెటీగల కోసం ఆలస్యపు పూలు మళ్లీ మళ్లీ పూయించడం. వ్యాకరణం ప్రకారం చూస్తే ఈ చరణంలో వాక్యాన్ని పూర్తిచేసే ప్రధానక్రియ లేదు. 'నింపడానికి, వంచడానికి, ఉబ్బించడానికి' అన్నట్టు క్రియలు పోగవుతూనే ఉంటాయి. వాక్యం ఎక్కడా కిందికి దిగదు. చెట్టుకొమ్మ మీద పండ్ల బరువు పెరిగినట్టే వాక్యం మీద పనుల బరువు పెరుగుతుంది.

ధ్వనులూ ఆ పనే చేస్తాయి. మకార, లకారాలు పదే పదే వచ్చి నోటిని నెమ్మది చేస్తాయి. ఒకే అక్షరమున్న పొట్టి మాటలు హల్లుల బరువుతో పక్కపక్కన కూర్చుని పాదాన్ని తొందరగా కదలనివ్వవు. పైకి చదివినవారికి ఈ చరణం రుచి, స్పర్శల లోకమని నాలుకకే తెలుస్తుంది.

చివరి రెండు పాదాలు మరింత గమనించదగ్గవి. వెచ్చని రోజులు ఎప్పటికీ పోవని తేనెటీగలు అనుకుంటాయి. వేసవి వాటి జిగట గదుల్ని అంచులు దాటేలా నింపింది మరి. ముగింపు ఉందన్న మొదటి సూచన ఇదే. ఆ భ్రమ తేనెటీగలది. కవి ఆ భ్రమలో లేడు, అయినా దాన్ని ఖండించడు. పాఠకుడికి మాత్రం రోజులు తరుగుతున్న సంగతి తెలుసు. నిండుదనం పరాకాష్ఠకు చేరిన చోటే తరుగుదల మొదలైందని కవి ఒక్క పురుగు ఊహ ద్వారా చెప్పించాడు.

రెండో చరణం: ఆగిన పని

రెండో చరణంలో ఋతువు మనిషి రూపం దాలుస్తుంది. యూరపు కవిత్వంలో ఋతువులకు దేవతారూపాలివ్వడం పాత అలవాటే. కీట్స్ కొత్తదనం, ఆ రూపానికి పొలం పనిమనిషి వాలకం ఇవ్వడంలో ఉంది. దేవతకు కిరీటం లేదు, రథం లేదు. నాలుగు చోట్ల కనిపిస్తుంది. ధాన్యపు కొట్టు నేల మీద నిశ్చింతగా కూర్చుని ఉంటే, తూర్పారబట్టే గాలి జుట్టును మెల్లగా లేపుతుంది. సగం కోసిన చాలులో గసగసాల పూల మత్తుకు నిద్రపోతే, కొడవలి తర్వాతి మునుం కోయకుండా వదిలేస్తుంది. పరిగె ఏరుకున్న మనిషిలా నెత్తిన బరువుతో వాగు దాటుతుంది. ఆపిల్ రసం పిండే మర దగ్గర చివరి చుక్కలు కారడం గంటల తరబడి ఓపికగా చూస్తుంది.

ఈ నాలుగింటిలో మూడు చోట్ల పని ఆగిపోయే ఉంది. కోతల దేవత కోయదు. కొడవలి పట్టిన రూపం యూరపు చిత్రకళలో మృత్యువుకు గుర్తు. ఇక్కడ ఆ కొడవలి నిద్రలో ఉంది. దాని దయవల్ల ఒక వరస కంకులు, వాటిని పెనవేసుకున్న పూలు ఇంకాసేపు బతుకుతాయి. చావు గుర్తును తుడిచెయ్యకుండానే దాన్ని మృదువు చేసిన తీరు ఇది.

కదలిక ఉన్నది ఒక్క చిత్రంలోనే, అదీ వాగు దాటడం. ఆ చోట పాదాల విరుపు ప్రత్యేకంగా చూడాలి. తలను నిలుపుకోవడాన్ని చెప్పే క్రియ దగ్గర పాదం ముగుస్తుంది. 'తొణక్కుండా' అన్న భావం తర్వాతి పాదం మొదట్లో వస్తుంది. రెండు పాదాల మధ్య ఖాళీని పాఠకుడి గొంతు దాటాలి. నెత్తిన మూటతో ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి కాలు వేసినట్టే దాటాలి. విమర్శకుడు ఎఫ్.ఆర్. లీవిస్ 1936 నాటి 'రీవాల్యుయేషన్' గ్రంథంలో ఈ సంగతి గుర్తించి చెప్పాడు. పాదవిభజన అలంకారం కోసం కాక అర్థం కోసం ఉంటుందని చూపడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

మూడో చరణం: వినికిడి

మూడో చరణం ప్రశ్నతో మొదలై, ఆ ప్రశ్నను వదిలేసి, సాయంత్రంలోకి వెళ్తుంది. చారల మబ్బులు మెల్లగా చనిపోతున్న పగటిని పూయిస్తాయి. కోసిన చేల మీద గులాబీ రంగు పడుతుంది. పూయడం వసంతానికి చెందిన క్రియ. అది ఇక్కడ పొద్దుగూకే వేళ మబ్బులకు దక్కింది. వసంతగీతాల తలపు వద్దన్న కవి, వసంతపు మాటను మాత్రం సాయంత్రానికి కానుకగా ఇచ్చాడు.

ఆ తర్వాత వినబడేవి ఐదు గొంతులు. నది ఒడ్డు విల్లో చెట్ల మధ్య చిన్న పురుగుల గుంపు శోకగీతంలా రొద చేస్తుంది. గాలి బతికితే పైకి లేస్తుంది, గాలి చచ్చిపోతే కిందికి దిగుతుంది. కొండ అంచున ఎదిగిన గొర్రెపిల్లలు అరుస్తాయి. కంచెల్లో కీచురాళ్లు పాడతాయి. పెరటితోటలో రాబిన్ పిట్ట ఈల వేస్తుంది. ఆకాశంలో గుమికూడుతున్న స్వాలో పక్షులు కిచకిచలాడతాయి.

ఈ ఐదింటి ఎంపికలో ఏడాది మొత్తం ఇమిడి ఉంది. గొర్రెపిల్లలు వసంతంలో పుట్టినవి, ఇప్పుడు పిల్లలు కావు. కీచురాయి వేసవి ప్రాణి. రాబిన్ ఇంగ్లండ్‌లో చలికాలమంతా ఉండి పాడే పిట్ట. స్వాలోలు చలి రాకముందే ఆఫ్రికా వైపు వలస పోతాయి. వచ్చేది, ఉండేది, వెళ్లేది ఒక్క సాయంత్రంలో కలిసి వినిపిస్తాయి. చరణమంతా శోకం, బతకడం, చావడం అన్న మాటలు చల్లి ఉన్నాయి. అవన్నీ పురుగులకూ గాలికీ పగటికీ చెందినవి. మనిషి చావు ఊసే లేదు. చివరి పాదంలో పక్షులు ఎగిరిపోలేదు, ఇంకా గుమికూడుతూనే ఉన్నాయి. పదకొండో పాదం చేసే ఆలస్యం ఇక్కడ అర్థంలోనూ నెరవేరింది.

చిత్రాల వరస

మూడు చరణాల్లో ఒకేసారి నాలుగు ప్రయాణాలు జరుగుతాయి. కోతకు ముందు, కోత, కోత తర్వాత – ఇది ఋతువు ప్రయాణం. మంచు పట్టిన ఉదయం, మత్తు కమ్మిన మధ్యాహ్నం, ఎర్రబడిన సాయంత్రం – ఇది పగటి ప్రయాణం. ఇంటిచూరు, పొలం, కొండలూ ఆకాశం – ఇది స్థలంలో ప్రయాణం. స్పర్శ రుచులు, చూపు, వినికిడి – ఇది ఇంద్రియాల ప్రయాణం. చేతికి అందే పండుతో మొదలై అందని పక్షి గొంతు దాకా కవిత క్రమంగా తేలికపడుతుంది. కవి ఈ నాలుగింటిలో దేన్నీ చాటి చెప్పడు. చదివినవాడికి మాత్రం ఏదో బరువు దిగి విశాలమైన చోటికి వచ్చినట్టుంటుంది. ఆ అనుభూతే ఈ కవితార్థంలో ప్రధానభాగం.

భారతీయ అలంకారశాస్త్రం ఇక్కడ ఒక మంచి సాధనం ఇస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్లకు కట్టించడాన్ని దండి స్వభావోక్తి అని పిలిచి అలంకారాల్లో మొదట చేర్చాడు. అది వస్తువు స్వరూపమే తప్ప అలంకారం కాదని కుంతకుడు వాదించాడు. కీట్స్ మూడో చరణం ఈ వివాదానికి చక్కని పరీక్ష. ఐదు శబ్దాలనూ ఉన్నవి ఉన్నట్టే చెప్పాడు. ఏ ఐదు, ఏ వరసలో అన్నదే కవిప్రతిభ. స్వభావోక్తికి అలంకారత్వం ఎంపిక, కూర్పుల వల్ల వస్తుందని ఈ చరణం గట్టిగా నిరూపిస్తుంది.

అర్థం మీద వాదాలు

కవిత పుట్టడానికి నెల ముందు, 1819 ఆగస్టు 16న, మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో పార్లమెంటు సంస్కరణలు కోరుతూ చేరిన జనం మీద గుర్రపు దళాలు విరుచుకుపడ్డాయి. పలువురు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. పీటర్లూ అని పేరుపడిన ఈ ఘటన కీట్స్‌కు బాగా తెలుసు. అలాంటి ఏడాదిలో ఇంత ప్రశాంతమైన కవితా అన్న ప్రశ్న సహజం. జెరోమ్ మెగాన్ 1979లో, ఈ కవిత చరిత్ర నుంచి కావాలనే పక్కకు తొలగిందని వాదించాడు. దీనికి జవాబుగా మరికొందరు కవిత లోపలే చరిత్రను వెతికారు. పరిగె ఏరుకోవడం పేదలకు హక్కు కాదని 1788లో ఇంగ్లండు న్యాయస్థానం తీర్పిచ్చింది. అలాంటప్పుడు ఋతుదేవతనే పరిగె ఏరే మనిషిగా చూపడం అమాయకమైన చిత్రం కాదన్నది వీరి వాదం. జొనాథన్ బేట్ 2000 నాటి 'ద సాంగ్ ఆఫ్ ది ఎర్త్'లో వాతావరణాన్ని ముందుకు తెచ్చాడు. 1815లో టాంబోరా అగ్నిపర్వతం పేలడంతో 1816లో యూరపుకు వేసవే లేకుండా పోయింది, పంటలు పాడయ్యాయి. అలాంటి కరవు రోజులు చూసిన తరానికి మంచి ఎండ, నిండు గాదె వట్టి వర్ణనాంశాలు కావు, బతుకుతెరువు.

ఈ పఠనాలు ఒకదాన్నొకటి కొట్టివేయవు. వేటి బలమైనా కవితలోని మాటల మీదే ఆధారపడాలి. పరిగె మనిషి చిత్రం కవితలో ఉంది కాబట్టి ఆ వాదానికి పట్టు ఉంది. పీటర్లూ ప్రస్తావన కవితలో లేదు. లేనిదాని మీద కట్టిన వాదం కవిత గురించి కంటే కాలం గురించి ఎక్కువ చెబుతుంది. 1817 డిసెంబరులో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో కీట్స్ ఒక గుణాన్ని గొప్ప కవి లక్షణంగా ఎంచాడు: వాస్తవాల కోసం, కారణాల కోసం ఆరాటపడకుండా సందేహాల మధ్య నిలవగలగడం. 'టు ఆటమ్' ఆ గుణానికి రూపం. నిండుదనం మంచిదా, ముగింపు విషాదమా అన్న తీర్పు ఇవ్వదు. రెండింటినీ ఒక్క చూపులో నిలుపుతుంది.

తెలుగు పాఠకుడికి

తెలుగు భావకవులు ఇంగ్లీషు కాల్పనికులను శ్రద్ధగా చదివినవారు. అయితే భావకవిత్వంలో ప్రకృతి ఎక్కువగా కవి వేదనకో, ప్రేమకో, స్వేచ్ఛాకాంక్షకో రూపం. 1925 నాటి దేవులపల్లి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం'లో ప్రకృతిలో కరిగిపోవాలనే 'నేను' గొంతు ప్రధానంగా వినిపిస్తుంది; ఈ విషయంలో అది షెల్లీకి చేరువ. 'నేను' పూర్తిగా తప్పుకున్న కీట్స్ పద్ధతికి దగ్గరివి వెతకాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలోని వర్ష, శరదృతు వర్ణనల్లో పశుపక్ష్యాదులు, రైతులు, పొలం పనులు నిశితంగా కనిపిస్తాయి. ఆ నిశితత్వం అలవాటున్న పాఠకుడికి కీట్స్ పొలం పరాయిది కాదు. ఒక తేడా గుర్తుంచుకోవాలి: తెలుగునాట శరత్తు అంటే వానలు వెలిసిన తేట ఆకాశం, వెన్నెల. కీట్స్ ఋతువులోని నిండు గాదెల సందడి ఇక్కడ సంక్రాంతికి చెందినది.

ఏ ప్రకృతి కవితనైనా చదవడానికి 'టు ఆటమ్' నేర్పే పద్ధతి స్పష్టంగానే ఉంది. వాక్యం ఎక్కడ ఆగింది, క్రియ ఎక్కడ ఉంది, ఎవరి గొంతు వినిపిస్తోంది, ఏ ఇంద్రియానికి పని చెబుతోంది, ప్రాస ఎక్కడ ముగిసి పద్యం ఎక్కడ ముగిసింది – ముందు ఇవి అడగాలి. కవి ఏం చెప్పాడన్న ప్రశ్న ఆ తర్వాతిది. ఈ వరసలో చదివిన పాఠకుడికి అర్థాన్ని విడిగా వెతుక్కోవలసిన అవసరం రాదు. శిల్పాన్ని గమనించడం పూర్తయ్యేసరికి అర్థం చేతికందే ఉంటుంది.